గాలి మాట తప్పింది

"వద్దు" అంది ఆమె తల ఎత్తకుండానే.

"నేనింకా ఏమీ అడగలేదు మేడం" అన్నాడు గుమ్మంలో నిలబడ్డవాడు.

"గడ్డి తగలబెట్టుకోవచ్చా అని అడగడానికి వచ్చారు. వద్దు."

ఆమె అటవీశాఖ వాతావరణ కేంద్రంలో అధికారి. కొండమీది టవర్లు గాలి వేగం, తేమ, రాలిన ఆకుల్లో మిగిలిన తడి కొలిచి పంపుతుంటే, వాటిని చూసి ఈ రోజు అడవికి నిప్పు ముప్పు ఎంతో చెప్పడం ఆమె పని. అతను మంటలార్పే దళానికి లీడర్. మనిషి పొడుగు, మెడ ఇంకా పొడుగు, ఉద్యోగం నిప్పుతో. అందుకని దళమంతా అతన్ని నిప్పుకోడి అంటుంది. చాటుగా కాదు, మొహం మీదే.

ఎండలు ముదరకముందే అడవి అంచున ఎండుగడ్డిని ఒక పట్టీలా కాల్చేస్తే, తర్వాత ఏ మంట వచ్చినా అక్కడ తినడానికేమీ దొరక్క ఆగిపోతుంది. దాన్ని ఫైర్ లైన్ అంటారు. అది కాల్చడానికి గాలి ఒప్పుకోవాలి. గాలి తరఫున ఆమె ఒప్పుకోవాలి.

"ఇంకా ఆలస్యమైతే ఆ గడ్డి దానంతటదే అంటుకుంటుంది మేడం."

"ఈ గాలికి మీరు అంటిస్తే పక్క కొండ కూడా అంటుకుంటుంది."

"మరి రేపు?"

"రేపటి సంగతి రేపు చెప్తాను."

"ఫోర్‌కాస్ట్ అంటే రేపటి సంగతి ఇవాళ చెప్పడం అనుకున్నానే!"

ఆమెకు నవ్వొచ్చింది. నవ్వితే హోదాకు బాగుండదని కంప్యూటర్లో గ్రాఫ్ వైపు చూసింది. గ్రాఫ్‌లో నవ్వదగ్గదేమీ లేదు.

అతను మర్నాడూ వచ్చాడు. ఆ మర్నాడూ వచ్చాడు.

"ఫోన్ చేస్తే సరిపోతుంది కదా" అందామె.

"ఫోన్లో అయితే మీరు ఒక్క ముక్కలో వద్దంటారు. ఎదురుగా ఉంటే కాస్త తిట్టి వద్దంటున్నారు" అన్నాడతను, ఏదో సౌకర్యం గురించి చెబుతున్నట్టు.

ఆ మాటకు అర్థమేమిటో ఆమెకు ఆ రాత్రి పళ్ళు తోముకుంటుంటే తట్టింది. నోట్లో బ్రష్‌తో చాలాసేపు అలాగే ఉండిపోయింది.

చివరికి ఒక పొద్దున గాలి పడిపోయింది. తేమ కుదిరింది.

"వెళ్ళండి. మధ్యాహ్నం దాటేదాకా గాలి మంటను రాతిగుట్ట వైపే తోస్తుంది. మీ వెనక వాగుంది. భయం లేదు."

"నిజంగానా?"

"వెళ్తారా, మనసు మార్చుకోనా?"

వెళ్ళాడు.

మధ్యాహ్నం ఇంకా కాకుండానే కంప్యూటర్లో గాలి దిక్కు చూపే ముల్లు గిర్రున తిరిగింది. టవర్ మీది యంత్రం పాడైందేమో అనుకుని ఇంకో టవర్ లెక్క చూసింది. అదీ అదే చెప్పింది. గాలి మాట తప్పింది. ఆమె రేడియో అందుకుంది.

"నేను తప్పు చెప్పాను. గాలి తిరిగింది, మంట మీ మీదకే వస్తుంది. అన్నీ వదిలేసి వాగు దాటండి."

వాదిస్తాడని ఎదురుచూసింది.

"సరే" అన్నాడు.

రోజూ అడ్డంగా వాదించే మనిషి సరే అనేసరికి ఆమె రేడియో కింద పెట్టలేకపోయింది.

కాసేపటికి దళం జీపు డ్రైవరు రేడియోలో చెప్పాడు. అందరూ వాగు దాటారట. ఒకడు కాలు మెలిపడి వెనకబడిపోతే, లీడర్ మళ్ళీ పొగలోకి వెళ్ళాడట. ఆ తర్వాత పొగలో ఏమీ కనబడటం లేదట.

ఆమె చెయ్యాల్సినవన్నీ చేసింది. రెండో దళాన్ని పంపింది, నీళ్ళ ట్యాంకర్లను వాగు దగ్గరికి మళ్ళించింది. మధ్యమధ్యలో ఉలుకూ పలుకూ లేని అతని రేడియోకి గాలి దిక్కు, వేగం చదివి వినిపించింది.

"కాస్త కూర్చోమ్మా" అన్నాడు పెద్దాఫీసరు.

"కూర్చునే ఉన్నాను సార్" అంది నిలబడి.

సాయంత్రానికి మంట వాగు దగ్గర ఆగిపోయింది. చీకటి పడుతుండగా గుమ్మంలో ఎవరో నిలబడ్డారు. మెడదాకా తడి, మొహమంతా మసి.

"కనుబొమ్మలేవి?" అందామె. ఎన్నో అడుగుదామనుకుంటే నోట్లోంచి అదొక్కటే వచ్చింది.

"కాలిపోయాయి."

"రేడియో?"

"వాగులో ఉంది. మావాణ్ణి భుజాన వేసుకుని దాటుతుంటే ఇద్దర్లో ఒకళ్ళని వదలాల్సొచ్చింది. రేడియోని వదిలాను."

"నేను చెప్పగానే ఎందుకు వాదించలేదు?"

"మీరు తప్పు చెప్పానన్నారు. మీ నోట ఆ మాట వచ్చిందంటే నిజంగానే కొంప మునిగిందనుకున్నాను."

"నా అంచనా తప్పి, మీకేమైనా అయ్యుంటే..." ఆ వాక్యం పూర్తికాలేదు. ఆఫీసులో అందరి ముందూ, కుర్చీ వీపు పట్టుకుని, వెక్కివెక్కి ఏడ్చింది. పెద్దాఫీసరు అర్జంటుగా కిటికీ మూయడానికి వెళ్ళాడు. అది మూసే ఉంది.

"మేడం, నన్ను పెళ్ళి చేసుకుంటారా?"

"ఇది అడగాల్సిన సమయమా?"

"మామూలప్పుడు అడిగితే వద్దంటారు."

ఆమె కళ్ళు తుడుచుకుంది. "ఆదివారం మా ఇంటికి రండి. అమ్మతో మాట్లాడాలి. ముందు ఇంటికెళ్ళి స్నానం చెయ్యండి."

ఆదివారం తనను పెంచిన మేనత్తను వెంటబెట్టుకుని వచ్చాడు. కనుబొమ్మలు ఇంకా రాలేదు. దాంతో ఎవరేమన్నా ఆశ్చర్యపడుతున్నట్టే కనిపించాడు.

"మీరేం చేస్తుంటారు?" అంది ఆమె తల్లి.

"అడవిలో మంటలార్పుతానండీ. అప్పుడప్పుడు పెడతాను కూడా."

మేనత్త అతని కాలు తొక్కింది. తల్లి నవ్వలేదు.

"చూడండి, మీరు మంచివారే. కాదనను. కానీ అగ్గిలోకి దూకే ఉద్యోగం మీది. నా కూతురు ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని కూర్చోవాలా?"

అతను ఏదో సర్దిచెబుతాడని అందరూ చూశారు. అతను తలవంచుకుని, "అవునండీ" అన్నాడు. "కూర్చోవాలి. అబద్ధం చెప్పలేను."

మేనత్త ఈసారి కాలు తొక్కలేదు.

"అమ్మా, పెళ్ళి చేసుకున్నా, చేసుకోకపోయినా, నేను అలా కూర్చోక తప్పదు" అంది కూతురు. "మొన్న సాయంత్రమే తెలిసింది. చేసుకుంటే, వచ్చేదేదో మనింటికే వస్తాడు."

తల్లి కూతురి మొహం చూసింది. తర్వాత లేచి వంటింట్లోకి వెళ్ళింది. గిన్నెల చప్పుడైంది. కాసేపటికి లోపలి నుంచి కేక వినబడింది.

"నీకు టీలో చక్కెర ఎంత వెయ్యను, బాబూ?"