వరండా చివర నీళ్లు

"మా సెక్షన్‌ల నీళ్ల క్యాన్ ఎవలు లేపిండ్రు?"

ఖాళీ బాటిల్ పట్టుకుని బిల్లుల సెక్షన్ వీరేందర్ గుమ్మంలో నిలబడ్డాడు. వెల్ఫేర్ సెక్షన్ జమున కంప్యూటర్ మీంచి చూపు తిప్పలేదు.

"నేనే. వరండా చివర పెట్టించిన. పొద్దంత కుర్చీలకు అతుక్కపోతున్నరు, నీళ్లకన్న లేస్తరని."

"బొగ్గు కంపెనీల నడుసుడు గూడ డ్యూటీనా మేడం?"

"బొగ్గు మీరు తవ్వుతలేరు కద సార్. బిల్లులు పాస్ జేస్తున్నరు."

అతని మీసం కింద నవ్వు మెదలడం జమున ఓరకంట చూసింది.

ఆ రోజు నుంచి వీరేందర్‌కు దాహం ఎక్కువైంది. నీళ్ల క్యాన్ ఉన్నది వెల్ఫేర్ సెక్షన్ ఎదురుగానే మరి. ముసురులో కూడా సగం చొక్కా తడుపుకుంటూ వచ్చాడు.

"గింత దూప ఏంది? షుగర్ గిట్ల ఉందా?"

"మీరు చెప్పినట్టే నడుస్తున్న. అసలు మీకీ నడక పిచ్చి ఎట్ల పట్టింది?"

జమున నవ్వు ఆగిపోయింది. తండ్రి ముత్యం బొగ్గుబాయిలో పనిచేసి, మోకాళ్లు అరిగాక ఆఫీసులో కుర్చీ పనికి మారాడు. కూర్చుని కూర్చుని షుగర్, బీపీ, చివరికి పక్షవాతం.

"నడువుమని డాక్టర్ చెప్పిండు. కాలీడ్సుడు నలుగురు చూడాల్నా అని బాపు గడప దాటడు. అందర్ని నడిపిస్తున్న గని, ఆయన్ను లేపలేకపోతున్న."

వీరేందర్ బాటిల్ మూత బిగించి తన సెక్షన్‌కు వెళ్లిపోయాడు. మర్నాటి నుంచి సాయంత్రం అయిదు కాగానే బండెక్కి మాయమయ్యేవాడు. అంతకుముందు బస్టాండు దాకా తోడు నడిచేవాడు. ఇంటి కష్టం విని జంకాడనుకుంది జమున. రెండు బస్సులు మారి ఇల్లు చేరేసరికి రోజూ మనసు బరువెక్కేది.

ఒకరోజు తోటి ఉద్యోగిని ఒకామె తన కారులో దింపడంతో తొందరగా తమ ఇల్లున్న సెంటినరీ కాలనీ చేరింది. క్వార్టర్ల మధ్య రోడ్డు మీద తండ్రి కనిపించాడు. ఒక చెయ్యి వీరేందర్ భుజం మీద వేసి, కాలీడుస్తూ, ఏదో చెబుతూ నడుస్తున్నాడు.

"ఈ పిలగాడు బాయి ముచ్చట్లు అడుగుతడు బిడ్డా," అన్నాడు ముత్యం సిగ్గుపడుతూ. "చెప్పుకుంట చెప్పుకుంట దుకాణం దాంక వస్తున్న. మంచిగ నడిచినంక నీకు చూపిద్దామని చెప్పనియ్యలే."

జమున కళ్లు తుడుచుకుని వీరేందర్ వైపు తిరిగింది. "ఇంకేమన్న దాచిండ్రా?"

"ఒకటుంది. పెద్దాయన ముందట ఎట్ల చెప్పాలె?"

ముత్యం ఇద్దరినీ మార్చి మార్చి చూశాడు. మెల్లగా భుజం మీది చెయ్యి తీసి, పక్క క్వార్టరు గోడ పట్టుకున్నాడు. జమున కంగారుగా ముందుకు రాబోతే వద్దని తల ఊపాడు. ఒక్కొక్క అడుగే వేస్తూ ఇంటివైపు సాగాడు.

"పిలగాన్ని చాయ్‌కి తోల్కరా బిడ్డా," అన్నాడు, వెనక్కి తిరగకుండానే. "ఇగ రోజు వచ్చేటోడే కద."