బాలీక్రానా వంతెనకు ఎన్ని కమాన్లు?

"ఐదే ఉండాయి," అంది అర్చిత, కంప్యూటర్ తెర మీద వేలు పెట్టి.

"ఏడు," అన్నాడు పక్క కుర్చీలోని యువకుడు, తల కూడా తిప్పకుండా.

"నాకూ కండ్లు ఉండాయి సార్. ఒకటి, రెండు, మూడు, నాలుగు, ఐదు. మీరేమో ఏడని రాసినారు."

ఉద్యోగంలో ఆమెకది మొదటి రోజు. పుదుచ్చేరిలో ఒక పాత మేడ మీద నడిచే చిన్న ఆఫీసు. విదేశాల్లోని బుల్లి ఊళ్లకు వెబ్‌సైట్లు తయారుచేసి ఇస్తారు. ఇప్పుడు చేతిలో ఉన్నది ఐర్లాండ్‌లోని బాలీక్రానా. ఒక నది, దాని మీద రాతి వంతెన, చర్చి, బేకరీ, చుట్టూ గొర్రెలు మేసే పచ్చటి గుట్టలు. అంతే ఊరు. దాని చరిత్ర, పరిసరాలు రాయడం పక్క కుర్చీలోని ఇరుసప్పన్ పని. రాసినదాంట్లో తప్పులు పట్టడం అర్చిత పని.

"ఏడని ఎవరు చెప్పినారు?"

"మా నైనా."

"మీ నైనా ఐర్లాండ్‌లో ఉండారా?"

"లేదు. ఈడే, అరియాంకుప్పంలో."

ఆఫీసంతా ఒక్కసారి గొల్లుమంది. ఎదుటి సీట్లోని ప్రీతిక నవ్వు ఆపుకోలేక కీబోర్డు మీద వాలిపోయింది. ఇరుసప్పన్ చెవులు ఎర్రబడ్డాయి. అతను మంచినీళ్ల సీసా మూత తీసి, తాగకుండానే మళ్లీ బిగించాడు.

అర్చితకు అతన్ని నవ్వులపాలు చేయాలని లేదు. ఆమె పాత్రల అంగడి వాళ్ల అమ్మాయి. మూతి వెంట్రుకవాసి పక్కకు పోయినా బిందెను వెనక్కి పంపే సీతాపతి కూతురు. అందుకే ఏడు కొట్టేసి ఐదు పెట్టింది. పక్కన 'ఆధారం లేదు' అని రాసి మేనేజరుకు పంపింది.

మర్నాడు మేనేజర్ రవిచంద్రన్ అందరి ముందూ నిలబెట్టి అడిగాడు.

"ఇరుసప్పా, మనం రాసేది హిస్టరీనా, కథలా? ఇంకొక్క తడవ ఇట్ల చేస్తే రిజైన్ లెటర్ తీసుకొని రా. బాలీక్రానా పేజీ ఇంక నీకు లేదు."

ఆ తరవాత మూడు రోజులు ఇరుసప్పన్ ఆమెతో రెండే మాటలు మాట్లాడాడు. పొద్దున "గుడ్ మార్నింగ్ మేడమ్", సాయంత్రం "బై మేడమ్". కోర్టులో జడ్జీగారికి దండం పెట్టినట్టు. కోపంగా ఒక్క మాట అన్నా బాగుండేదనిపించింది ఆమెకు.

గురువారం మధ్యాహ్నం పేజీ పైన పెట్టడానికి వంతెన ఫొటోను పెద్దది చేసి చూసింది అర్చిత. కమాన్లన్నీ ఒకే ఎత్తు లేవు. ఎడమ నుంచి మొదటిది చిన్నది, రెండోది కాస్త పెద్దది, మూడోది ఇంకా పెద్దది, నాలుగోది అన్నిటికన్నా ఎత్తు. ఐదోది మళ్లీ మూడోదంతే. ఆ వెంటనే మట్టి గట్టు.

ఎత్తైనది నడిమధ్యలో ఉండాలి కదా? దానికి ఎడమన మూడున్నాయి. కుడిన ఒక్కటేనా?

ఆమె లేచి అతని దగ్గరకు వెళ్లింది.

"మీ నైనా ఏం పని చేస్తారు?"

అతను కుర్చీ ఇటు తిప్పి చెప్పాడు. "పీడబ్ల్యూడీలో. వంతెనలు రిపేరు చేసే గ్యాంగు. ముప్పై ఏండ్లు అయింది. ఇంగ్లీషు రాదు. ఇంట్లో తెలుగే, దాన్నీ చదవలేడు. ఫోన్‌లో ఫొటో చూపిస్తే ఒక్క చూపు చూసి ఏడన్నాడు."

"ఇది ఆ రోజే యాలా చెప్పలేదు?"

"అందరూ నవ్వినాంక, మా నైనా పని గురించి చెప్పబుద్ధి కాలేదు మేడమ్."

ఆ మాట ఆమెకు సూటిగా తగిలింది. "ఆదివారం మీ ఇంటికి వస్తా. ఆయన్నే అడుగుతా."

"నవ్వేదానికా?"

"నేర్చుకునేదానికి."

ఆదివారం అరియాంకుప్పంలో తలుపు తీసిన ఇరుసప్పన్ తల్లి తిలగం ఆమెను చూడగానే లోపలికి కేక పెట్టింది. "ఏమయ్యా, ఆ 'ఐదు' పాప వచ్చింది!"

ఇరుసప్పన్ సిగ్గుతో చచ్చిపోయాడు. అర్చిత మాత్రం పకపకా నవ్వేసింది. ఆ ఆఫీసులో చేరాక ఆమె మనసారా నవ్వడం అదే మొదలు.

ఇరుసప్పన్ తండ్రి శివలింగం సన్నటి మనిషి, మాట తక్కువ. ఫోన్ తీసుకుని ఎత్తైన కమాను మీద వేలు పెట్టాడు. "ఇది నడుము. దీనికి ఈ పక్క మూడుంటే ఆ పక్కా మూడుండాల. కట్టినోడు తిక్కోడు కాదు కదమ్మా. చూడు, వంతెన పిట్టగోడ గట్టు మీద కూడా దిగుతానే పోతా ఉంది. కింద ఏమీ లేకపోతే అంత గోడ యాలా?"

"మరి ఆ రెండూ యాడికి పోయినాయి?"

"రా, చూపిస్తా."

ఊరి పక్క నది ఒడ్డుకు తీసుకెళ్లాడు. నీళ్లు ఒక గట్టును కోసుకుంటూ పోతూ ఎదుటి గట్టుకు ఎలా మట్టి చేరుస్తాయో చూపించాడు. తన చిన్నప్పుడు పడవ నిలిచిన చోట ఇప్పుడు మేకలు మేస్తున్నాయని, ఆ రెండు కమాన్లూ అలాగే మట్టిలో పూడిపోయి ఉంటాయని అన్నాడు. అంతలో వాన అందుకుంది. ఉన్నది ఒక్క గొడుగు. దాన్ని అర్చిత చేతిలో పెట్టి, తువ్వాలు తలకు చుట్టుకుని ముందు నడిచాడు శివలింగం.

"రండి," అంది ఆమె, గొడుగు ఇరుసప్పన్ వైపు వంచి.

"వద్దు మేడమ్, తడిసిపోతారు."

"మేడమ్ అంటే రావద్దు. అర్చిత అంటే రండి."

అతను రెండడుగులు ఆలోచించాడు. వాన పెద్దదైంది. "సరి... అర్చిత," అంటూ గొడుగు కిందికి వచ్చాడు. ఇల్లు చేరేసరికి ఆమె కుడి భుజం, అతని ఎడమ భుజం ముద్దగా తడిసిపోయాయి. ఆ సంగతి ఇద్దరికీ చాలాసేపటి దాకా తెలియలేదు.

సోమవారం పొద్దున్నే బాలీక్రానా ఊరి సంఘం పెద్ద నోరా మేడమ్‌కు ఉత్తరం పంపింది అర్చిత. మొదట ఏడని రాసింది ఇరుసప్పన్ అని, ఐదని కొట్టేసింది తానని, తానే తప్పయి ఉండొచ్చని, కుడి గట్టు కింద ఒకసారి చూడమని రాసింది. శివలింగం చెప్పిన లెక్కంతా వివరించింది.

రవిచంద్రన్ తల పట్టుకున్నాడు. "క్లయింట్‌కు మన తప్పు మనమే చెప్పుకుంటామా? నువ్వింకా ప్రొబేషన్‌లో ఉండావు, తెలుసా?"

"తప్పు నాది సార్. కింద పేరూ నాదే పెట్టినా."

భోజనాల వేళ ఇరుసప్పన్ డబ్బా మూత తీయకుండా కూర్చున్నాడు. "యాలా చేసినావు? వాళ్లు లేదంటే నీ ఉద్యోగం పోతుంది."

"పోతే మా అంగట్లో కూర్చొని బిందెలు అమ్ముతా. నువ్వు తిను."

మంగళవారం జవాబు లేదు. బుధవారం లేదు. గురువారం ప్రీతిక కూడా నవ్వడం మానేసి, గంటకోసారి "వచ్చిందా?" అని అడగసాగింది.

శుక్రవారం వచ్చింది. రవిచంద్రన్ నిలబడి పైకి చదివాడు.

నోరా మేడమ్ కుడి గట్టు మీది బేకరీ ఆయన్ను వెంటబెట్టుకుని ఆ బేకరీ నేలమాళిగలోకి దిగిందట. కట్టెలన్నీ పక్కకు తీసి లాంతరు ఎత్తి చూస్తే, ఆ గది పైకప్పే ఆరో కమాను! మూడు తరాలుగా దాని కింద కట్టెలు పేర్చుకుంటూ కూడా ఎవరూ గమనించలేదు. ఏడోది వెనక పెరట్లో మట్టి కింద ఉండి తీరాలి, తవ్వడానికి ఊళ్లో మీటింగ్ పెడుతున్నారు. 'మా వంతెనను మాకంటే బాగా చూసిన శివలింగం గారికి మా ఊరి నమస్కారం చెప్పండి' అని ముగించింది.

ఆఫీసులో చప్పట్లు మోగాయి. "సారీ ఇరుసప్పా," అన్నాడు రవిచంద్రన్. "పేజీ నీదే. మీ నాయన పేరు కూడా వెయ్యి."

ఇరుసప్పన్ ఇంటికి ఫోన్ చేసి, ఉత్తరాన్ని తెలుగులో చెప్పడం మొదలుపెట్టాడు. 'నమస్కారం' దగ్గర ఆగి ఫోన్ పక్కకు చాచాడు. అర్చిత ఫోన్ అందుకుని మిగతాది తను చెప్పింది.  అవతల తిలగం గొంతు వినిపించింది. "ఈయన కండ్లు తుడుచుకుంటా ఉండాడు పాపా. రేపు మా ఇంట్లోనే భోజనం, రావాల!"

శనివారం భోజనం చేసి బస్సులో టౌనుకు తిరిగొస్తున్నారు ఇద్దరూ. అతనికి టౌనులో పనేమీ లేదు, అయినా ఎక్కాడు. ఏటి వంతెన మీద ట్రాఫిక్ నిలిచిపోయింది. కిటికీ అద్దం మీద వాన చారలు కడుతోంది.

"నువ్వు నా తప్పు చూపించినప్పుడు కోపం వచ్చింది," అన్నాడు ఇరుసప్పన్. "నీ తప్పు నువ్వే ఒప్పుకున్నప్పుడు భయమేసింది."

"భయమేంది?"

"ఇంక నిన్ను తప్ప వేరే ఎవరినీ చూసేదానికి నా వల్ల కాదని."

అర్చిత బదులు చెప్పేలోపే కండక్టర్ వచ్చి పక్కన నిలబడ్డాడు. "యాడికి?"

ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

"యాడికి పోవాలో కూడా తెలీదా మీకు?"

"ఈయన యాడ దిగితే నేనూ ఆడే," అంది అర్చిత, కిటికీ వైపు చూస్తూ. కండక్టర్ ఏమనుకున్నాడో గానీ ఇరుసప్పన్‌కు మాత్రం బాగానే అర్థమైంది.

ఇంట్లో ఆమె దాచిపెట్టలేదు. ఆ సాయంత్రమే చెప్పేసింది. సీతాపతి అంతా విని, "వాళ్లెవరో, మనమెవరో" అని ఒక్క మాటనేసి అంగడికి వెళ్లిపోయాడు. రెండు రోజులు కూతురితో మాట్లాడలేదు. తల్లి అలివేలుమంగ మాత్రం, "తిట్టలేదంటే ఆలోచిస్తా ఉండాడని అర్థం. ఊరుకో," అంది.

మూడో రోజు పొద్దున ఎవరికీ చెప్పకుండా బయటికి వెళ్లిన సీతాపతి, అర్చిత ఆఫీసు నుంచి వచ్చాక ఇల్లు చేరాడు. చంకలో పొడుగాటి ములక్కాయల కట్ట.

"యాడికి పోయింటివి?" అంది అలివేలుమంగ.

"అరియాంకుప్పం. ఊరికే, మనుషులు ఎట్లాంటోళ్లో చూసొద్దామని." చెప్పులు విప్పుతూ కూతురి వైపు చూడకుండానే చెప్పసాగాడు. "ఆయమ్మ తినందే పంపించలేదు, ఈ ములక్కాయలూ కట్టిచ్చింది. ఆయనేమో మన అంగడి మిద్దె కారతా ఉందంటే, వచ్చి చూస్తానన్నాడు. నేను చెప్పే పని కూడా లేదు, ఎందుకు కారతా ఉందో ఆడ కూర్చొనే చెప్పేసినాడు."

"ఆ పిల్లోడో?"

"ఆఫీసుకు పోయినాడు. నేను చూసేకి పోయింది పెద్దోళ్లను." ఆగి, కొంచెం సిగ్గుపడ్డట్టు మెడ రుద్దుకున్నాడు. "బయల్దేరేటప్పుడు 'పోయొస్తా అన్నా' అందామనుకున్నా. నోట్లో నుంచి 'పోయొస్తా బావా' అని వచ్చేసింది. ఇంక దాన్ని వెనక్కి తీసుకుంటే బాగుంటుందా?"

అలివేలుమంగ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది. అర్చిత వెళ్లి తండ్రి చంకలోని ములక్కాయల కట్ట అందుకుంది. దాన్ని గుండెకు ఆనించుకుని, ఒక చేత్తోనే ఇరుసప్పన్‌కు ఫోన్ చేసింది.