మొరం సైకిలుకు ఎన్ని పళ్లు?

ముందుగా ఒక మాట. నేను అక్షరాలు దిద్దింది నలభై తొమ్మిదో ఏట. ఎక్కడైనా ఒత్తులు తప్పితే సర్దుకుని చదవండి. ఒక్క పేజీ రాయడానికి నాకు రెండు పూటలు పడుతుంది. అందుకని వానను, చూపులను వర్ణిస్తూ కూర్చోలేను. వాన పడింది, వాళ్లిద్దరూ చూసుకున్నారు, అంతే.

ఇక శివాజీ సంగతి.

శివాజీ జనగామ కోర్టులో టైపిస్టు. మట్టి రోడ్లమీదా, ఎర్ర కంకర మొరం మీదా పోయే లావు టైర్ల సైకిలొకటి కొన్నాడు. పోయిన వానాకాలం మానుకోట స్టేషన్ బయట దాని గొలుసు తెగింది. ఎదురుగా మంగ్యా సైకిల్ షాపు. గొలుసు అతికించింది మంగ్యా కూతురు రుక్కి. ఆ రోజు నుంచి ప్రతి ఆదివారం ఆ సైకిలుకు ఏదో ఒక రోగం వచ్చేది. శివాజీ దాన్ని రైల్లో వేసుకుని మానుకోట దాకా వచ్చేవాడు. జనగామలో సైకిల్ షాపులు లేక కాదు.

"గీ బోల్టు దానంతట అదే వదులైందా, నువ్వు వదులు చేసుకొచ్చినవా?" అని ఒక ఆదివారం రుక్కి అడిగింది.

"రోడ్లు మంచిగ లేవు."

"రైల్ల ఏసుకొస్తివి. రైల్ల రోడ్డేడిది?"

శివాజీ మాట మార్చాడు. గేర్లన్నీ కొత్తవి వేయించాలన్నాడు. రుక్కి చేతులు తుడుచుకుంది. గేర్లు మార్చే ముందు ఎవరినైనా సరే మూడు ప్రశ్నలు అడగడం తండ్రి ఆమెకు నేర్పిన పద్ధతి.

"ఏడేడ తిరుగుతవ్?"

"అంతట. పెద్ద రోడ్డు, మొరం, గుట్ట, పొలం గట్టు. అన్నిటికి పనికి రావాలె."

"ఎంత మెల్లగ పోవాలె?"

"మెల్లగెందుకు? ఎంత స్పీడ్ పోవాల్నో అడుగు."

"దిగుట్ల స్పీడ్ దానంతట అదే వస్తది. ఎక్కుట్ల కింద పడకుంట ఎంత మెల్లగ తొక్కుతవో, గదీ లెక్క. సరే, బండి మీద బరువెంత?"

"డెబ్బై కిలోలు. నేనొక్కణ్నే."

రుక్కి అతని వంక అవసరమైన దానికంటే కొంచెం ఎక్కువసేపు చూసింది. "ఒక్కనివేనా?"

"ఒక్కణ్నే," అన్నాడు శివాజీ గర్వంగా. నాలుగేళ్లుగా కోర్టులో ఊరందరి వాంగ్మూలాలు టైపు చేస్తున్నవాడు. తనను అడిగింది ఏమిటో మాత్రం తెలియలేదు.

పైగా అంకెలు ముందే రాసుకొచ్చాడు. భూపాలపల్లి బొగ్గుగనిలో పనిచేసే దోస్తు పోశాలు ఫోన్లో చెప్పినవి. ముందు పెడళ్ల దగ్గర రెండు పళ్ల చక్రాలు, యాభై రెండు పళ్లది ఒకటి, ముప్పై ఆరు పళ్లది ఒకటి. వెనక పెద్దది ఇరవై ఎనిమిది పళ్లది.

"పోశాలు ఏం సైకిల్ తొక్కుతడు?" అంది రుక్కి.

"తొక్కడు. వీడియోలు చూస్తడు."

"నా మాటిను. ముందు ముప్పై ఆరుది ఒక్కటే చాలు. వెనక నలభై ఆరుది వేస్త. వెనకది పెద్దగుంటెనే మొరం గుట్ట ఎక్కుతది."

"నలభై ఆరా? అన్నం పళ్లెమంత ఉంటది. జనం నవ్వుతరు."

"ఇప్పుడు నవ్వుతలేరా?"

అయినా అతను అడిగినవే బిగించింది. అడగని క్యారియర్ ఒకటి వెనక బిగించింది.

"ఇదెందుకు?"

"మూటకు. వచ్చే ఆదివారం మేం కొత్తగూడ దిక్కు మా తండాకు పోతున్నం. నా పెండ్లి ముచ్చట బాపు చేతుల లేదు, మా అవ్వ గంగాబాయి చేతుల ఉన్నది. గుట్ట కింద దుకాణంల అవ్వ బియ్యం మూట ఉంటది, ఇరవై కిలోలు. అది ఏసుకొని తొక్కుకుంట పైకి రా. దిగకుంట వస్తె నువ్వెవరో అవ్వకు చెప్త. దిగితె, సైకిల్ బాగు చేయించుకునేటోడని చెప్త."

ఆదివారం వచ్చింది. మొదటి మలుపు దాకా శివాజీ మహారాజులా ఎక్కాడు. రెండో మలుపులో పెడలు బిగుసుకుపోయింది. గేరు దించబోతే దించడానికి ఇంకేమీ మిగల్లేదు. మొరం మీద వెనక చక్రం జారింది. మూట ఒక పక్కకు ఒరిగింది, అతనొక పక్కకు. దిగాడు, ఎక్కాడు, మళ్లీ దిగాడు.

వెనక నుంచి నెత్తిన కట్టెల మోపుతో ఒక ముసలమ్మ వచ్చి అతన్ని దాటేసింది. దాటి, ఆగింది. శివాజీదీ తండానే కాబట్టి వాళ్లిద్దరూ మా లంబాడీ మాటలోనే మాట్లాడుకున్నారు. మీ కోసం తెలుగులో రాస్తున్నాను.

"ఏ గోత్రం బిడ్డా?" పేరు అడగలేదు.

శివాజీ చెప్పాడు. ముసలమ్మ లోపల చుట్టరికాలన్నీ తిరగేసుకుని, "అడ్డం లేదు," అంది. దేనికో చెప్పలేదు.

"బండి నిన్ను మోస్తదా, నువ్వు బండిని మోస్తవా?"

"జర సేపు అది, జర సేపు నేను."

"ఎన్నిసార్లు దిగినవ్?"

"తొమ్మిదిసార్లవ్వా."

"ఆఖరి మలుపు కాడికెళ్లి అంత సాపే. ఆడ ఎక్కి కూసొని పో. పైనున్నోళ్లకేం ఎరుక? నేను చెప్పను."

మలుపు వచ్చింది. దూరంగా ఇంటి ముందు రుక్కి నిలబడి ఉంది. శివాజీ కాలెత్తి సీటు మీద వేయబోయాడు కూడా. ఇప్పుడు ఎక్కితే రుక్కి నమ్ముతుంది. ఆ తరువాత ఈ అబద్ధాన్ని బతుకంతా మోయాలి. ఇరవై కిలోల మూటే మోయలేకపోతున్నాడు. కాలు దించాడు. నెట్టుకుంటూనే వెళ్లాడు.

"తొక్కుకుంట రమ్మన్న," అంది రుక్కి.

"తొమ్మిదిసార్లు దిగిన. పోశాలు లెక్క తప్పు."

"పోశాలుదేనా?"

"నాది ఇంకా పెద్ద తప్పు. నువ్వు చెప్తె వినలె."

వెనకే వచ్చిన ముసలమ్మ కట్టెల మోపు దించింది. "రుక్కీ, పిల్లగానికి తెలివి తక్కువ. అబద్ధమాడుమని నేనే చెప్పి చూసిన, అదీ చేతకాలె. గిసొంటోడు ఇంట్ల ఉంటె పరేషాన్ లేదు."

ఆమే గంగాబాయి అని శివాజీకి అప్పుడు అర్థమైంది.

రుక్కి లోపలికి పోయి ఒక బట్టమూట తెచ్చి విప్పింది. అన్నం పళ్లెమంత చక్రం, కొత్త గొలుసు, దాన్ని పక్కకు జరిపే పొడుగు చెయ్యి.

"ముందే తెచ్చినవా?"

"మెకానిక్‌ను. నువ్వు దిగుతవని ఎరుక. నేను చెప్తె వినలె, గుట్ట చెప్తె విన్నవ్."

అరుగు పక్కన కూర్చుని పాతవి ఊడదీసింది. యాభై రెండు పళ్ల చక్రం మంగ్యా చేతికిచ్చింది. అతను దాన్ని తిప్పి చూసి గోడకు మేకు వెతుక్కున్నాడు. ఆ ఇంట్లో అంగీకారం అలాగే తెలుపుతారు కాబోలు.

"మళ్ల అడుగుతున్న," అంది రుక్కి, తలెత్తకుండా. "బండి మీద బరువెంత?"

శివాజీ డెబ్బై అనబోయాడు. క్యారియర్ వైపు చూశాడు. కోర్టు టైపిస్టుకు ఇన్నాళ్లకు ప్రశ్న అర్థమైంది.

"నాది డెబ్బై," అన్నాడు. "నీదెంత?"

"యాభై," అంది రుక్కి. అప్పుడు తలెత్తింది.

"ముచ్చట్లు సరే," అంది గంగాబాయి. "దుకాణంల పప్పు మర్చిన. పా బిడ్డా, పోయొద్దాం."

రుక్కి నలభై ఆరుది బిగించాక శివాజీ గుట్ట కిందికి పోయి, పప్పు సంచీ కట్టుకుని, మళ్లీ గుట్ట ఎక్కాడు. మెల్లగా, చాలా మెల్లగా. ఈసారి ఒక్కసారీ దిగలేదు.

గంగాబాయి మాత్రం మళ్లీ దాటేసింది.

రాసింది గుగులోతు కళావతి. వయసు అరవై మూడు. ఇప్పుడు ఉంటున్నది ములుగు ఘనపూర్‌లో, చిన్న కూతురి ఇంట్లో.