ఒపల్ గనిలో చెయ్యి

నా భర్త మాతూష్ పోయిన రెండో ఏడాది పోస్టాఫీసులో నా ఉద్యోగం కూడా అయిపోయింది. ప్రెషోవ్ పట్టణంలో ముప్పై ఏళ్ళు ఆ పోస్టాఫీసు కిటికీ వెనక కూర్చుని పొద్దస్తమానం జనంతో మాట్లాడినదాన్ని. ఆ తర్వాత రోజుల తరబడి నా గొంతు నాకే వినపడేది కాదు. రొట్టెల కొట్టులో అమ్మాయిని ఏది తాజాదో తెలిసి కూడా అడిగేదాన్ని. ఆమె ఏదో ఒకటి జవాబు చెబుతుంది కదా అని.

తోచనప్పుడల్లా ఏదో ఒక బస్సెక్కేదాన్ని. అలాగే అక్టోబరు ఆఖర్లో, సమాధుల మీద దీపాలు పెట్టే రోజు ఇంకా రెండు రోజులుందనగా, కొండల్లో ఒకప్పుడు ఒపల్ అనే రంగురాళ్ళు తవ్విన పాత గని చూడ్డానికి వెళ్ళాను. నవంబరు నుంచి గని మూసేస్తారు. ఆ రోజు మూడు గంటలకి లోపలికి తీసుకెళ్ళే గుంపే ఆ ఏటికి ఆఖరుది. గుంపంటే నేనొక్కదాన్నే.

గని చూపించే ఆయన పేరు వెండెలిన్. అరవై దాటి ఉంటాయి. దీపం బిగించిన హెల్మెట్ నా తలకి సరిచేస్తూ, "తల జాగ్రత్తమ్మా. ఈ గనికి పొడుగువాళ్ళంటే పడదు," అన్నాడు.

"నేను పొట్టిదాన్నేగా."

"అదృష్టవంతులు. నా నుదురు చూడండి, ఎన్ని మచ్చలో." నవ్వి, అదే గొంతుతో అడిగాడు. "ఒక్కరే వచ్చారా? ఇంటి దగ్గర ఎదురుచూసేవాళ్ళెవరైనా ఉన్నారా?"

"ఎవరూ లేరు," అన్నాను.

ఆయన కాసేపు నన్నే చూసి ఇనుప తలుపు తెరిచాడు.

లోపల చలి బయటి చలిలా లేదు. గాలి కదలదు. తడి రాయి వాసన, ఇనుము వాసన, ఎప్పుడో ఆరిపోయిన కొవ్వొత్తి వాసన. ఉలిదెబ్బలు గోడల పొడుగునా అలాగే ఉన్నాయి. కప్పు నుంచి గబ్బిలాలు రెక్కలు చుట్టుకుని ఎండు బేరిపళ్ళలా వేలాడుతున్నాయి. ఒకచోట వెండెలిన్ తన దీపం వంచి చూపించాడు. బూడిదరంగు రాతిలో గోరంత ముక్క ఆకుపచ్చగా వెలిగి, తల కదిలించగానే ఎర్రబడి, మళ్ళీ రాయైపోయింది. ముట్టుకుందామని చేతి తొడుగులు తీసి జేబులో పెట్టుకున్నాను.

"ఇక్కడ ఒక నిమిషం దీపాలు ఆర్పుతాం," అన్నాడు. "వెనకటివాళ్ళు ఎంత చీకట్లో బతికారో తెలియడానికి. భయమైతే వద్దులెండి."

"భయపడ్డానికి నాకేముంది?" అని నా హెల్మెట్ దీపం ఆర్పేశాను. ఆయనా తనది ఆర్పాడు.

కళ్ళు తెరిచినా మూసినా ఒకటే. ఎక్కడో నీటి చుక్క పడుతోంది. చుక్కకీ చుక్కకీ మధ్య నా ఊపిరి.

అప్పుడు ఒక చెయ్యి నా కుడిచెయ్యి పట్టుకుంది.

చల్లగా, సన్నగా, అరచేయి నిండా ఉలి పట్టేవాళ్ళకుండే కాయలతో. బొటనవేలు నా వేళ్ళ కణుపుల మీద మెల్లగా రాసింది. వెండెలిన్‌కి మతిపోయిందా అనుకున్నాను. వెంటనే లాక్కోవలసింది. లాక్కోలేదు. నన్నొక మనిషి తాకి రెండేళ్ళయింది.

"ఇక వెలిగించండమ్మా."

ఆ గొంతు చాలా దూరం నుంచి వచ్చింది. దీపం వేశాను. వెండెలిన్ సొరంగం మలుపు దగ్గర, ఇరవై అడుగుల అవతల నిలబడి ఉన్నాడు. నా పక్కన ఎవరూ లేరు.

ఆయన ముందుకు నడిచాడు. నేను నడక తగ్గించాను. ఆయన వెలుగు మలుపు తిరిగేదాకా ఆగాను. ఎందుకలా చేశానని ఇప్పటికీ నన్ను నేను అడుగుతుంటాను... నా అంతట నేనే దీపం ఆర్పేశాను.

చెయ్యి వెంటనే వచ్చింది. కనిపెట్టుకుని ఉన్నట్టు.

ఈసారి అది నడిచింది. నేను వెంట నడిచాను. పక్కదారి ఏదో దిగుతున్నట్టు తెలుస్తోంది. దారికి అడ్డంగా కట్టిన తాడు నడుముకి తగిలింది. వంగి కిందనుంచి దూరాను. చెవి పక్కన, ఊపిరి లేని మాట ఒకటి.

"ఎవరూ రాలేదు..."

"నేనొచ్చాను," అన్నాను గుసగుసగా.

పట్టు బిగిసింది.

కాళ్ళ కింద రాయి తడిగా ఉంది. ఇంకో అడుగు. బూటులోకి నీళ్ళు. ఇంకో అడుగు... మోకాళ్ళదాకా. గుండె ఆగిపోయేంత చల్లటి నీళ్ళు. అప్పుడు తెలివొచ్చింది. చెయ్యి గుంజాను. రాలేదు. ఎడంచేత్తో దీపం తడిమాను... తడిమాను... వెలిగింది.

నల్లటి నీళ్ళలోకి మెట్లు దిగుతున్నాయి. అడుగు కనపడటం లేదు. నా ముందు ఎవరూ లేరు. కానీ నా కుడిచెయ్యి ముందుకి చాచి ఉంది. చర్మం మీద నాలుగు వేళ్ళ నొక్కులు. నేను చూస్తుండగానే అవి ఇంకా లోతుగా దిగాయి.

"కదలకండి."

వెండెలిన్ తాడు అవతల నిలబడి ఉన్నాడు. నా దగ్గరికి రాలేదు.

"గుంజితే వదలదు. మళ్ళీ వస్తానని చెప్పండి."

"ఎవరికి?"

"చెప్పండమ్మా. మెల్లగా."

"వస్తాను," అన్నాను. పళ్ళు కొట్టుకుంటున్నాయి. "మళ్ళీ వస్తాను."

నొక్కులు ఒక్కొక్కటే లేచిపోయాయి. చిటికెనవేలిది ఆఖరున.

బయట తన పొడి మేజోళ్ళు ఇచ్చి, ఫ్లాస్కులోంచి టీ పోశాడు.

"మీకు తెలుసు," అన్నాను.

"మా ఆవిడ చనిపోయిన ఏడాదే నేనూ మీలాగే చూడ్డానికొచ్చాను. నేనూ అదే మాటిచ్చాను. ఇక్కడే పనిలో ఉండిపోయి పందొమ్మిదేళ్ళయింది."

"మరి నన్నెందుకు వెనక వదిలేసి పోయారు?"

ఆయన తలుపుకి తాళం వేసి, తాళంచెవి చాలాసేపు చేతిలో పట్టుకుని చూశాడు. "అలిసిపోయానమ్మా," అన్నాడు. తర్వాత అడవిదారిన దిగిపోయాడు. ఒక్కసారైనా వెనక్కి తిరగలేదు.

నేను ఇక ఆ వైపు బస్సెక్కలేదు. మార్చి నెలలో ఒకరోజు ఫోన్ మోగింది. ఆ వారంలో నాతో మాట్లాడిన మొదటి మనిషి ఫోన్లో ఉన్న ఆవిడే. గని ఆఫీసు నుంచట.

"విల్మాగారేనా? మా వెండెలిన్ మానేశారు. ఆ పనికి మీరు రాసిన దరఖాస్తు అందింది."

నేను ఏ దరఖాస్తూ రాయలేదు. ఆ మాట అనడానికి నోరు తెరిచాను. ఈలోపు ఆవిడ చిన్నగా నవ్వి అంది:

"సందర్శకుల పుస్తకంలో మీరు రాసిన పేరు, నంబరు చూసి సంతకం గుర్తుపట్టాం గానీ, మిగతాది చదవడం కష్టమైందండీ. వచ్చి మూడు వారాలైంది. పొయ్యి పక్కనే పెట్టాం. ఆ కాగితం ఇంకా ఆరడం లేదు."