చౌడేశ్వరి చెయ్యి

ఇంకా నాలుగు నిమిషాల ఆట ఉందనగా తస్లీమా హాకీ స్టిక్ గాల్లోకి లేచి ఎదుటి జట్టు అమ్మాయి దవడ పగలగొట్టింది. ఆ చప్పుడు గ్యాలరీ చివరి వరుస దాకా వినిపించింది. పచ్చటి మైదానం మీద రెండు పళ్లు రాలిపడ్డాయి. అనంతపురం జట్టు పిల్లలు ఇలా మొహాలు పగలగొట్టడం నెల రోజుల్లో ఇది మూడోసారి. కోచ్ చౌడేశ్వరి గట్టు మీదే నిలబడిపోయింది.

ఆ జట్టులో ఆట నేర్చుకున్న పిల్ల ఒక్కతీ లేదు. ఎందుకు నేర్చుకుంటారు? స్మృతితొడుగు వచ్చాక ఎండలో చెమటలు కక్కాల్సిన ఖర్మ ఎవరికి! ఒకప్పుడు పెనాల్టీ కార్నర్లో చౌడేశ్వరి దెబ్బకు తిరుగు లేదు. ఆమె ఆట మానేశాక, కుడిచేతిలోని ఆ ఒడుపునంతా యంత్రం చదువుకుని సన్నటి తొడుగుల్లోకి ఎక్కించింది. తొడుక్కున్న చెయ్యి ఆమె చెయ్యే అయిపోతుంది. ఇక కోచ్ పని ఏముంటుంది, పొద్దున్నే పద్దెనిమిది మందికీ తొడుగులు సరిగ్గా బిగిశాయో లేదో చూడటం తప్ప.

మర్నాడు స్టేడియం గదిలోనే విచారణ. ముగ్గురు పెద్దలు కూర్చున్నారు. తొడుగులో లోపం లేదని ఇంజనీరు తేల్చేశాడు. అందులోకి నేర్పు ఎక్కుతుందే గానీ కోపతాపాలు ఎక్కవట! అంటే తప్పు పిల్లదే. తస్లీమాకు జన్మలో ఆట లేదు, ఆపైన పోలీసు కేసు.

"నేను కొట్టలా మేడమ్, చెయ్యి కొట్టినాది," తస్లీమా వెక్కుతూ చెప్పింది. "ఆ పాప ఎడంపక్క నుంచి వచ్చి జెర్సీ పట్టుకోని లాగినాది. అంతే. నాకు కోపం కూడా రాలా."

ఇరవై రెండేళ్ల కిందట ఒక మ్యాచ్‌లో సరిగ్గా అలాగే, ఎదుటి జట్టు ఫిలోమినా ఎడమపక్క నుంచి వచ్చి చౌడేశ్వరి జెర్సీ లాగింది. చౌడేశ్వరి స్టిక్ దెబ్బకు ఫిలోమినా కుడి కన్ను పోయింది. స్టిక్ జారిందని చౌడేశ్వరి అందరి ముందూ ఒట్టేసింది. ఆ మహాతల్లి నమ్మింది. ఆసుపత్రి మంచం మీద నుంచి తనే చౌడేశ్వరిని ఓదార్చింది. ఇప్పుడు ఈ జట్టుకు మేనేజరు ఆమే. ప్రాణస్నేహితురాలై పక్క కుర్చీలోనే ఉంది.

పిల్ల బతుకా, తన అబద్ధమా? చౌడేశ్వరి లేచింది.

"పిల్లది తప్పు కాదు సార్. తొడుగులోకి ఎక్కినాది నా దెబ్బ. ఆ పొద్దు స్టిక్ జారలా. నేనే కావాలని కొట్టినా."

ఫిలోమినా నవ్వింది.

"నమ్మాకండి సార్. పిల్లను కాపాడుకోడానికి అబద్ధం చెప్తాండాది. చీమను కూడా చంపదు ఇది."

"నిజమే ఫిలోమినా..."

"నోర్ముయ్యి మే! ఇప్పుడే తేలుస్తా."

బల్ల మీద సాక్ష్యంగా పెట్టిన తస్లీమా తొడుగు తీసి ఫిలోమినా తన కుడిచేతికి బిగించుకుంది. స్టిక్ అందుకుని వీపు తిప్పి నిలబడింది.

"స్టిక్ జారింటే అది తొడుగులోకి ఎక్కి ఉండదు, నా చెయ్యి ఎవురినీ కొట్టదు. రా, ఎడంపక్క నుంచి వచ్చి నా చొక్కా లాగు. వీళ్లందరూ చూస్తారు."

చౌడేశ్వరి తస్లీమా వంక చూసింది. లాగకపోతే ఆ పిల్ల బతుకు అక్కడితో సరి. కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టింది. నాలుగడుగులు వేసి, చొక్కా పట్టుకుని లాగింది.

స్టిక్ లేచింది. ఎముక విరిగిన చప్పుడైంది. తస్లీమా కెవ్వుమంది.

నెత్తుట్లో కూలిన చౌడేశ్వరి పక్కన మోకాళ్ల మీద పడింది ఫిలోమినా. తొడుగు బిగిసిన తన చేతిని, ఆ మొహాన్ని మార్చి మార్చి చూసింది. ఆమెకు ఏడుపు ఆగలేదు.

"అయితే కావాలనే కొట్టినావా మే?"