ఉబ్బిన బ్యాటరీ

“అమ్మా, ఈ బ్యాటరీ అలిగిన అన్నయ్యలా బుగ్గలు ఉబ్బించింది చూడు!”

పాత ఫోన్‌లోంచి తీసిన బ్యాటరీని తూనీగ పైకెత్తి చూపింది. ఒక్కచోట నిలవదని నాన్న ఆమెకు పెట్టిన ముద్దుపేరు అది.

అమ్మ కుట్టుమిషన్ ఆపింది. “దాన్ని నొక్కకు. చెత్తలో వెయ్యకు. ఫోన్ల షాపులో పాత బ్యాటరీల డబ్బా ఉంది. సాయంత్రం ఇచ్చొద్దాం.”

“సరేలే అమ్మా.”

అంతలో చెత్తబండి హారన్ మోగింది. కింద పిల్లల ఆట కూడా మొదలైంది. ‘ఇంత ముక్క ఏం చేస్తుందిలే’ అనుకుని తూనీగ బ్యాటరీని చెత్త సంచిలో పడేసింది. సంచిని బండిలో విసిరేసి ఆటలోకి దూకింది.

బండి వీధి మలుపు తిరగనేలేదు. చెత్తను అదిమే పలక కింద ఏదో టప్పుమంది. గుప్పున పొగ లేచింది.

బండి నడిపే అత్త కిందికి దూకింది. “పిల్లలూ, దూరం! దూరం!”

ఆమె చెత్తంతా ఖాళీ స్థలంలో కుమ్మరించింది. మంట ఎగిసింది. పక్కన కడుతున్న ఇంటి దగ్గర ఇసుక ఉంటే, పెద్దవాళ్ళు తట్టలతో తెచ్చి పోశారు. మంట ఆరాక నల్లగా మాడిన బ్యాటరీ బయటపడింది.

“ఎవరు వేశారో ఏమో!” అంది అత్త. మంట సెగకు ఆమె చేయి ఎర్రగా కమిలింది.

తూనీగ వేయడం ఎవరూ చూడలేదు. నోరు మెదపకపోతే సరిపోయేది. కానీ ఆ చేతిని చూశాక ఆమె కాళ్ళు ఇంటివైపు కదల్లేదు.

“నేనే అత్తా. అమ్మ వద్దంది. అయినా వేశాను.”

అత్త గట్టిగా ఊపిరి వదిలింది. “నా పైప్రాణాలు పైనే పోయాయమ్మాయ్! సరే, చెప్పావు కదా. ముందు నీళ్ళు తే.”

తూనీగ పరుగున చెంబు తెచ్చింది. చేతిమీద చల్లటి నీళ్ళు ధారగా పోస్తూ నిలబడింది. అమ్మ కూడా వచ్చింది. సంగతి విని, మాడిన బ్యాటరీని చూసింది.

“జాగ్రత్తగా ఇచ్చుంటే, ఇందులో లోహాలు తీసి కొత్త బ్యాటరీలు చేసేవాళ్ళు” అంది.

ఆ ఆదివారం తూనీగ ఒక రేకు డబ్బాలో ఇసుక పోసి, టేపు చుట్ట పట్టుకుని పాత బ్యాటరీల కోసం ఇంటింటి తలుపూ తట్టింది. అమ్మ వెనకే ఉంది.

వడ్రంగి మామయ్య డ్రిల్లింగ్ మిషన్ పాత బ్యాటరీ తెచ్చాడు. “పారేసేదానికి ఇంత మర్యాదా?” అని నవ్వాడు.

“పారెయ్యడానికి కాదు మామయ్యా, అప్పగించడానికి. ఉండండి, ముందు దీని మూతికి టేపు వెయ్యాలి. లేకపోతే ఇంకో లోహం తగిలి నిప్పు పుడుతుంది.”

లోహపు అంచులు కనిపించకుండా టేపు అతికించి, దాన్ని మెల్లగా ఇసుకలో పెట్టింది తూనీగ. తర్వాత పక్కింటి బెల్లు నొక్కింది.