చెరిపేసిన గీత

చేపల్ని లెక్కపెట్టడమంటే గట్టున కూర్చుని వేళ్ళు మడవడం కాదు. ఓడ అడుగు నుంచి నీళ్ళలోకి శబ్దం పంపిస్తారు. అది చేపలకు తగిలి వెనక్కొచ్చి తెరమీద గీతలుగా, మరకలుగా పడుతుంది. ఏటా వలసొచ్చే గుంపుల్లో ఎన్ని మిగిలాయో వాటిని బట్టే చెబుతారు. చేప కానిదేదైనా తెరమీద పడితే, అక్కడ కూర్చున్నవాళ్ళు అక్కడికక్కడే చెరిపేస్తారు. ఆ ఓడలో ఆ పని అక్కది. కిటికీ లేని చిన్న గది, డీజిల్ వాసన, చల్లారిపోయిన కాఫీ.

లెక్క మొదలెట్టే ముందు యంత్రం సరిగ్గా వింటోందో లేదో చూడాలి. అందుకు నిమ్మకాయంత లోహపు గుండును దారానికి కట్టి ఓడ కిందికి దించుతారు. పోయినేడు దాకా దించేది తమ్ముడు. ఆ గుండు మీద మేకుతో నవ్వు మొహం కూడా గీసుకున్నాడు. "నీది కూర్చుని చూసే ఉద్యోగం, నాది వంగి చచ్చే ఉద్యోగం" అని అక్కని ఏడిపించేవాడు.

పోయినేడు ఇక్కడే, పట్టపగలే, అక్క మైకులో కసిరింది. "తొందరగా కానీరా, గుంపు దాటిపోతోంది." తమ్ముడు సేఫ్టీ బెల్టు పెట్టుకోకుండానే వంగాడు. కాసేపటికి తెరమీద ఒక సన్నటి గీత కిందికి జారింది. చేప కాదు. అలవాటుకొద్దీ చెరిపేసింది. పైన మనిషి లేడని తెలిసేసరికి అరగంటైంది.

శవం దొరకలేదు, చేతిలోని గుండూ దొరకలేదు. "వాడు పడుతుంటే ఒక్కరైనా చూడలేదటే?" అని అమ్మ ఇప్పటికీ అడుగుతుంది. "లేదమ్మా" అంటుంది అక్క. ఆ గీత సంగతి ఏడాదిగా ఎవరికీ చెప్పలేదు.

ఈ ఉదయం పొగమంచు. గుండు దించింది కెప్టెనే.

"కనిపిస్తోందా అమ్మా?" అన్నాడు మైకులో.

"కనిపిస్తోంది సార్."

తెరమీద గుండు తాలూకు గీత నిలకడగా సాగుతోంది. అంతలో దాని కింద, బాగా లోతున, ఇంకో గీత మొదలైంది. పైకి వస్తోంది... చేప కాదు.

వేలు దానంతటదే చెరిపే మీట మీదికి వెళ్ళింది. ఈసారి ఆగింది.

ఎనభై మీటర్లు... యాభై... ఇరవై. గదిలో డీజిల్ వాసన పోయింది. తడిసిన ఉన్ని వాసన. తమ్ముడి స్వెట్టర్ వాసన. రెండు గీతలూ కలిసిపోయాయి.

మైకు గరగరలాడింది.

"అక్కా... ఇప్పుడు కనబడుతున్నానా?"

అక్క మైకు దగ్గరికి లాక్కుంది. "అప్పుడూ కనబడ్డావురా. నేనే..." ఏడాదిగా బిగబట్టిన ఏడుపంతా ఒక్కసారిగా తన్నుకొచ్చింది. ఈ గీత అమ్మకి చూపించి, కాళ్ళ మీద పడి, ఉన్నదంతా చెప్పేయాలనుకుంది.

పైకి పరుగెత్తింది. కెప్టెన్ దారం లాగేసి గుండునే చూస్తూ నిలబడ్డాడు.

"నేను దించింది ఇది కాదమ్మా," అన్నాడు మెల్లగా.

దానిమీద నవ్వు మొహం ఉంది. అక్క అందుకుంది. అంత చల్లటి నీళ్ళలోంచి వచ్చినా, ఇప్పటిదాకా ఎవరో పిడికిట్లో పట్టుకున్నట్టు వెచ్చగా ఉంది.

గుండుతోనే గదిలోకి తిరిగొచ్చింది. తెరమీద ఆ రెండో గీత లేదు. ఎంత వెనక్కి తిప్పి చూసినా లేదు.

చెరిపే మీట తడిగా ఉంది. కుర్చీ కూడా.